ఇరవై లెక్కపెట్టాక

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, మీ మరిదీ కులాసా. నా మోకాలొక్కటే అలిగి కూర్చుంది. అక్కడ నువ్వూ, బావగారూ క్షేమమని తలుస్తాను.

కుట్టుమిషను మార్చావా అని అడిగావు. మార్చలేదు, పాతదాన్నే తిట్టుకుంటూ తొక్కుతున్నాను. "ఎక్కడికైనా కదలవే" అని రాశావుగా, కదిలాను. కోటు చంకల్లో బిగుతై ఊపిరాడ్డం లేదని మా దుకాణానికొచ్చిన శాక్సఫోన్ ఆయన, వదులు చేసిచ్చాక, తన జాజ్ కచేరీకి రమ్మని పిలిచాడు.

మధ్యాహ్నం మూడింటికి, ఓ పాత గోడౌన్‌లో, ఇనుప కుర్చీల మీద. ప్రయోగమట. డ్రమ్ములాయన ఇత్తడి పళ్ళేన్ని కమ్మీతో గీకుతుంటే మీ మరిది నా చెవిలో "రిపేరు ఎప్పటికవుతుందో" అని గొణిగారు. నవ్వాపుకోలేక చచ్చాను.

తర్వాత అందరూ ఆగిపోయారు. శాక్సఫోన్ ఆయన ఒక్కడే, స్వరం లేకుండా, ఉత్త ఊపిరి ఊదడం మొదలుపెట్టాడు. మధ్యలో గరగర. ఆ గరగర నాకు తెలుసక్కా. నాన్న మంచం పక్కన పదకొండు రోజులు విన్నాను. శాక్సఫోన్‌లో ఊపిరి ఆగింది. ఇరవై దాకా లెక్కపెట్టి, అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేశాను. హాలు మొత్తానికి నేనొక్కదాన్నే. నాన్న నాకు తొందరమ్మని ఊరికే పేరు పెట్టలేదు. శాక్సఫోన్ ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, మళ్ళీ ఊపిరి తీశాడు.

ఇంక అక్కడ కూర్చోలేక బయటికొచ్చేశాను.

నాన్న చివరి మాటేమిటని మూడు ఉత్తరాల్లో అడిగావు. ఏం మాట్లాడలేదని రాశాను. అబద్ధం. నోటితో చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను. ఆ రోజూ ఇరవై లెక్కపెట్టాను. వరండాలోకి పరుగెత్తి, నీకు ఫోన్ చేసి, "నాన్న పోయారక్కా" అన్నాను. నువ్వు బావురుమన్నావు. నేను తిరిగొచ్చేసరికి నాన్న కళ్ళు తెరిచి ఉన్నారు.

"అప్పుడే చెప్పేశావా, తొందరమ్మా?"

తలుపు తీసే ఉంది. అంతా విన్నారు.

"పెద్దది ఏడ్చిందా?"

"ఏడ్చింది నాన్నా."

"మళ్ళీ చెయ్యి. నేను మాట్లాడతా."

చెయ్యలేదక్కా. పోయారని చెప్పి, ఉన్నారని చెప్పి, మళ్ళీ పోయారని నీకెలా చెప్పను? భయమేసింది. లైను దొరకట్లేదన్నాను. నలభై నిమిషాలు ఎదురుచూశారు. నువ్వడిగిన ఆ చివరి మాట, మిషను ఆపితే చాలు, ఇప్పటికీ నా వెనకనుంచి వినిపిస్తుంది.

"దొరికిందా?"

ఇట్లు,
నీ చెల్లెలు,
తొందరమ్మ