ఆ సినిమాలో అమ్మాయి

కాకినాడ,
28-8-1999.

ప్రియమైన నాన్న ఐజాక్ గారికి, అమ్మ ఏసమ్మ గారికి మీ కుమార్తె క్రిస్టినా ప్రభువు నామమున వందనములు చేసి వ్రాయునది. ఆయన కృప వలన ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తానని ప్రతిసారీ రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయడానికి కలం కదలడం లేదు. ఎప్పటిలాగే ఈ ఉత్తరం సంపూర్ణమ్మ టీచర్ గారే మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి చదువుతారు కదా, టీచర్ గారికి కూడా నా వందనాలు.

నాన్న టీచర్ గారి చేత రాయించిన ఉత్తరం సోమవారం అందింది. రొయ్యల కంపెనీ నుంచి రాగానే చదివాను. ఐసులో నాని నాని మొద్దుబారిన వేళ్ళు కదా, కాగితం పట్టు చిక్కలేదు. పేట పేటంతా ట్రాక్టరు కట్టించుకుని రామచంద్రపురం వెళ్ళి ఆ సినిమా చూశారటగా! మన సంఘ పెద్ద జీవరాజు గారు సినిమాలు పాపమని ఇన్నాళ్ళూ మమ్మల్ని రేడియో కూడా విననిచ్చేవారు కాదు. ఈ సినిమాకి మాత్రం ఆయన రెండోసారి కూడా వెళ్ళారట. పాపం ఎంత ఉందో తూకం వెయ్యడానికి కాబోలు.

వాళ్ళు చెప్పినవన్నీ నిజమే. పోయిన వానాకాలం ఆ సినిమా మా వీధిలోనే తీశారు. అందులో చూపించిన గది నాదే. హీరోయిన్ కట్టుకున్న నీలం చీర నాదే, కొత్త చీరలైతే పేదపిల్లలా కనపడదని అడిగి తీసుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు కనీసం ఉతికి కూడా ఇవ్వలేదు. మొదట్లో తెర మీద కృతజ్ఞతలంటూ నా పేరు కూడా వేశారు. అది చూసి నేనెంత మురిసిపోయానో! మా కంపెనీ పిల్లలందరికీ చూపించాను. ఆ పేరు చూసే జీవరాజు గారు హాల్లోనే లేచి నిలబడి, ఇది మన ఐజాక్ కూతురి కథేనండీ, ఉన్నదున్నట్టు తీశారండీ అన్నారని విన్నాక ఆ మురిపెమంతా పోయింది.

నాన్నా, నేను పుట్టకముందు నుంచీ నువ్వు కొడుతున్న గుడి గంట తాడు నీ చేతిలోంచి తీసుకుని వేరేవాళ్ళకి ఇచ్చారని చదివినప్పుడు మాత్రం ఏడ్చాను. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని అందరికన్నా ముందు వెళ్ళే మనిషివి. ఇప్పుడు ఆ గంట ఇంట్లో కూర్చుని వింటున్నావట. రావులపాలెం సంబంధం వాళ్ళు కూడా వద్దని కబురు పెట్టారని రాశావు. పోనీ. ఆ అబ్బాయి మంచివాడే, నాకు నచ్చాడు కూడా. అయినా పోనీ.

నువ్వు అడిగింది ఒక్కటే మాట. సినిమాలో ఆ పిల్ల నువ్వేనా, కాదా అని. ఊరు వదిలి పట్నంలో పనికి వచ్చి, పెళ్ళి చేసుకుంటానన్నవాణ్ణి నమ్మి, వాడు మొహం చాటేస్తే ఆసుపత్రిలో ఒంటరిగా బిడ్డని కని, ఆ బిడ్డ దక్కకపోతే పాతిపెట్టి, ఏమీ జరగనట్టు ఊరికి వెళ్ళి పొయ్యి వెలిగించిన పిల్ల.

అవును నాన్నా. నేనే.

సినిమాకి కథ రాసే ఆవిడ షూటింగు లేనప్పుడు మా గదికి వచ్చి కూర్చునేది. మంచిగా మాట్లాడేది. నాకు టైఫాయిడ్ వచ్చి, అమ్మ తోడుగా వచ్చి ఉన్న రోజులవి. అమ్మ నీళ్ళకని కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడ అడిగింది, నేను చెప్పేశాను. అమ్మకి ఇందులో ఏమీ తెలియదు. ఆమెని నిలదీయవద్దు. ఆ బిడ్డ ఎవరి బిడ్డ, వాడెక్కడున్నాడు అని నన్ను కూడా అడగవద్దు. అడిగినా చెప్పను.

నేను సంఘం ముందు లేచి పశ్చాత్తాపపడితే తప్ప మన ఇంటికి ప్రభు సంస్కారం, ఆ రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరని పాస్టరు గారు అన్నారని రాశావు. వచ్చే ఆదివారమే కదా సంస్కారం. శనివారం సాయంత్రం బస్సుకి వస్తాను. నువ్వు బస్టాండుకి రానక్కర్లేదు. ఆదివారం లేచి నిలబడతాను, వాళ్ళు అనమన్నది అంటాను. ఆ తర్వాత గంట తాడు నీకు తిరిగి ఇవ్వమని జీవరాజు గారిని అందరి ముందే అడుగుతాను. అది అడగడానికి నాకేమీ సిగ్గు లేదు.

అమ్మా, నువ్వు తిండి మానెయ్యకు. నేను వచ్చేదాకా ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. నీ మీద ఒట్టు.

ఇట్లు,
మీ మనసు కష్టపెట్టిన మీ కూతురు
క్రిస్టినా

తా.క. టీచర్ గారూ, ఇక్కడి నుంచి వాళ్ళకి వినపడేలా చదవకండి. ఉత్తరం అయిపోయిందని చెప్పి, మడత పెట్టి, ఇంటికి వెళ్ళాక చదువుకోండి.

ఆ కథ నాది కాదండి. అమ్మది. పెళ్ళికి ముందు అమ్మ కాకినాడలో ఒక ప్లీడరు గారింట్లో పనికి ఉండేదని ఊళ్ళో అందరికీ తెలుసు. అక్కడ జరిగింది మాత్రం నాన్నకి కూడా తెలియదు. నేను జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకుంటే, నిద్రపోయాననుకుని అమ్మే ఆవిడకి చెప్పింది, మా ఊళ్ళో ఒకమ్మాయండీ అంటూ మొదలుపెట్టి. సగం దాకా ఆ ఒకమ్మాయే. ఆ తర్వాత బిడ్డ ఒళ్ళు ఎంత వెచ్చగా ఉండేదో చెప్తూ, నా చేతుల్లోనే అండీ అనేసింది. నేను కదల్లేదు. కథ రాసినావిడ ప్లీడరు గారిల్లు తీసేసి రొయ్యల కంపెనీ పెట్టింది, అందుకే అందరూ నేననుకున్నారు.

సినిమాలో లేనిది ఒకటుంది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో మా తాతయ్యకి, నాయనమ్మకి కొవ్వొత్తులు పెట్టాక, అమ్మ ఇంకొకటి గోడవారన ఉత్త నేల మీద వెలిగిస్తుంది. చిన్నప్పుడు ఎవరికని అడిగితే, ఎవరూ లేనివాళ్ళకి అంది.

నాన్న నన్ను ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తాడు, కూతుర్ని కాబట్టి. అమ్మని క్షమిస్తాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదండి. నాకు కాకినాడ ఉంది, కంపెనీ ఉంది. అమ్మకి ఆ ఊరు తప్ప వేరే ఊరు లేదు.

ఆదివారం గుళ్ళో ఆడవాళ్ళ వైపు మీరు అమ్మని ఆనుకునే కూర్చోండి. పాస్టరు గారు నా పేరు పిలవగానే నాకన్నా ముందు అమ్మే లేస్తుంది. లేవనివ్వకండి.