గోడ వైపు చెవి

లువింగు, మే 6

ప్రియమైన తమ్ముడు కాంగ్వాకు,

అమ్మమ్మ చావుకి వచ్చి నువ్వు చేసిన పని ఊరంతా చెప్పుకుంటోంది. మంట దగ్గర మామ నీ పక్కనే కూర్చుని, చేతులు దొప్పలా చేసి చప్పట్లతో పలకరిస్తే, నువ్వు బదులు కొట్టలేదట. తలైనా తిప్పలేదట. "గని జీతం తింటున్నాడుగా, మేనమామ ఎందుకు కనబడతాడు?" అంటున్నాడాయన. రేపు నీకు పిల్లనడగడానికి వెళ్ళాల్సింది ఆయనే. ఏమొచ్చిందిరా నీకు?

నీ అక్క,
న్కాందు

కిట్వే, మే 19

అక్కా,

పొగరు కాదు. నా ఎడమ చెవి చచ్చిపోయింది. ఫిబ్రవరిలో గనిలో పేలుడు మందు చెప్పిన వేళకి ముందే పేలింది. చెవిలోంచి నెత్తురు కారింది. గని డాక్టరు జలుబని రాసి రెండు మాత్రలిచ్చాడు. జలుబట! మామ కూర్చున్నది ఆ చెవి పక్కనే.

ఒక చెవి పోతే సగం వినబడుతుందనుకుంటారు జనం. అంతా వినబడుతుంది, ఎటునుంచో తెలియదు. ఎవరైనా "కాంగ్వా!" అని పిలిస్తే పిచ్చివాడిలా గుండ్రంగా తిరుగుతాను. బీరు కొట్లో పక్కవాడు నవ్వితే చూసి నేనూ నవ్వుతాను.

ఎవరికీ చెప్పకు. మామకి అసలే చెప్పకు. ఆయన కొడుకు లుపాండో గనిలో నాకు జోడీ. ఈ మాట ఆఫీసుకి చేరితే నేను గేటు బయటే.

కాంగ్వా

లువింగు, జూన్ 2

ప్రియమైన తమ్ముడూ,

ముందు ఏడ్చాను, తర్వాత నిన్ను తిట్టుకున్నాను. లుపాండోకి చెప్పరా. నీతో కిందికి దిగేది అతని ప్రాణం కూడా. మామ మాత్రం ఎప్పట్లాగే తన మూలలో, కుడి భుజం గోడకి ఆనించి కూర్చుని, నీ పేరెత్తితే ముఖం తిప్పుకుంటున్నాడు. ఒక కోడిని పట్టుకొచ్చి ఆయన ముందు మోకాళ్ళూను. నిజం చెప్పు.

అక్క

కిట్వే, జూన్ 30

అక్కా,

లుపాండో బతికే ఉన్నాడు. ముందు అది చదువు.

పని మొదలెట్టే ముందు ఇనప గడతో పైకప్పు రాయిని కొట్టి వింటాం. గట్టి రాయి గంటలా మోగుతుంది, వదులుది డొల్లగా పలుకుతుంది. సోమవారం లుపాండో కొడుతున్నాడు. పైన పటపటమంది. నేనూ విన్నాను. ఎటో తెలియలేదు. సరిగ్గా దాని కిందికే పరుగెత్తాను. అతను వెనక్కొచ్చి నా బెల్టు పట్టి లాగాడు. రాయి అతని పాదం మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి.

ఆసుపత్రిలో అంతా చెప్పాను. "గాడిదా, ముందే చెబితే నీ ఎడమ పక్కన నేనుండేవాణ్ణి కదరా" అన్నాడు. ఇంకా తిడితే బాగుండేది.

మర్నాడు నేనే ఆఫీసుకి వెళ్ళి చెప్పాను. నా ముందో కాగితం పెట్టారు. ఇది పుట్టుచెవుడని, గని వల్ల కాదని ఒప్పుకుంటే పైన, తల దీపాలిచ్చే గదిలో పని. లేదంటే ఇంటికి. నెల గడువు. నా చెవిని తినేసి, మన అమ్మ కడుపు మీద నెడతారా! పెట్టను సంతకం.

శనివారం కోడితో వస్తున్నాను.

కాంగ్వా

కిట్వే, జూలై 14

ప్రియమైన అక్కా,

నేనొచ్చేసరికి నువ్వు మీ అత్తగారి ఊరెళ్ళావు. అందుకే రాస్తున్నాను.

మామ వాకిట్లో చాప మీద ఎండకి కూర్చున్నాడు. చుట్టూ గోడ లేదు. కుడిపక్కన మోకాళ్ళూని చప్పట్లు కొట్టాను. పలకలేదు. మళ్ళీ కొట్టాను. పలకలేదు. కొడుకు కాలు పాడుచేసినవాడితో ఏం మాట్లాడతాడులే అనుకున్నాను. అంతలో పొయ్యి దగ్గర్నుంచి అత్త అరిచింది: "అటు కాదయ్యా, ఇటు పక్కకి రా! ఆ చెవిలో డప్పు కొట్టినా ఆయన పలకడు. గని ఎప్పుడో తినేసింది దాన్ని."

"నోర్ముయ్యవే" అన్నాడు మామ. ఆ తర్వాత నన్ను చూసి తలొంచుకున్నాడు. "ఆ రోజు నువ్వు పలికావో లేదో నాకు తెలియదురా. నాకు వినబడలేదు. అది బయటపడుతుందని నీకు పొగరన్నాను."

ఆ రోజు మంట దగ్గర మా చచ్చిన చెవులు రెండూ పక్కపక్కన కూర్చున్నాయక్కా.

కాగితం సంగతి చెప్పాను. మామ కోడి కాళ్ళ తాడు విప్పాడు. "నా చేతా అలాంటి దాని మీదే వేలిముద్ర వేయించారు, ఇరవై రెండేళ్ళ కిందట. పుట్టుచెవుడని" అన్నాడు. "ఒకే ఇంట్లో ఇద్దరం పుట్టుచెవిటివాళ్ళమా? పద, అడుగుదాం."

నాతోనే బస్సెక్కాడు. ఆసుపత్రిలో లుపాండో మంచం పక్కన కూర్చుని ఇప్పుడే వచ్చాడు. రేపు పొద్దున యూనియన్ ఆఫీసులో మా ఇద్దరి సాక్ష్యం. ఏమవుతుందో తెలియదు. బెంచీ మీద ఆయన నాకు కుడివైపు కూర్చుంటాడు. ఎవరు ఏ పక్కన కూర్చోవాలో ఇప్పుడు మాకు తెలుసు.

నీ తమ్ముడు,
కాంగ్వా