తాళం దగ్గరి గీతలు

అమ్మా, షాపు నుంచి ఫోన్ వచ్చింది, వెళ్తున్నాను. నాన్న కారు పైకప్పుకి పాలిష్ రాసి వదిలేశాను. తెల్లగా ఆరాక ఫ్రిజ్ మీదున్న మెత్తటి గుడ్డతో తుడువు. పాత తువ్వాలు వాడకు, మళ్ళీ గీతలు పడతాయి.

సాయంత్రం అన్నయ్య బండి తీసుకెళ్ళేసరికి అద్దంలా ఉండాలట. నిన్నటి నుంచి తను ఒక్క గుడ్డముక్క పట్టింది లేదు.

ఇంకో సంగతి. పోయే ముందు ఏడాదంతా నాన్నకి చేతులు వణికి, డ్రైవర్ తలుపు తాళం చుట్టూ తాళంచెవి గీతలు పడ్డాయి కదా. వాటిని ఉంచమన్నావు, సరేనన్నాను. పొద్దున మిగతా గీతలు పోవాలని తడిపిన గరుకు వాటర్ పేపర్‌తో రుద్దుతుంటే చెయ్యి అలవాటుగా అక్కడికీ వెళ్ళిపోయింది. బండ్లకి రంగులేసే మా పనిలో గీత ముందు వేళ్ళకి తగులుతుంది, తగిలాక చెయ్యి ఆగదు. నీళ్ళు తుడిచి చూస్తే ఒక్కటీ లేదు. ఏడుపేం రాలేదు. దాని మీద పాలిష్ కూడా పట్టేశాను.

వేళకి తిను.

డిక్కీ తాళం దగ్గర నాన్న గీతలు రెండు మిగిలాయి. వాటి మీద టేపు అంటించాను. అది పీకొద్దని అన్నయ్యకి నువ్వే చెప్పు. నేను చెప్తే ఎందుకని అడుగుతాడు.