ఆరేళ్లు నిండాలట

మంగళవారం

ఈరోజు లావణ్యను, దాని చెల్లెలిని నా చేతులతోనే విడదీశాను.

తొగుట దగ్గర వాళ్ల ఊరు రిజర్వాయరులో మునిగాక, కొత్త కాలనీలో ఇంటి జాగా కోసం వాళ్ల నాన్న, పెద్దనాన్న ఒకరి మీద ఒకరు పగబట్టారు. పోయిన వారం అన్న తల పగలగొట్టి వాళ్ల నాన్న జైలుకు వెళ్లాడు. తల్లి ఈ చెల్లెలి కాన్పులోనే పోయింది. అప్పటి నుంచి పది నెలలుగా పాపను సాకింది ఎనిమిదేళ్ల లావణ్యే.

ఉదయం ఆ పెద్దనాన్న ఇంటికే వెళ్లి బతిమాలాను. పెద్దమ్మ పాపను ఎత్తుకుంది. ఆయన తలకున్న కట్టు చూపిస్తూ, "వాడు నన్ను సంపబోయిండు మేడం. వాని పిల్లలకు నేనెట్ల బువ్వ పెట్టాలె?" అన్నాడు. పెద్దమ్మ పాపను నా చేతికిచ్చేసింది.

పసిపిల్లల హోమ్ వేరు, ఆరేళ్లు నిండిన ఆడపిల్లల హోమ్ వేరు. ఇద్దరినీ ఒక్కచోట ఉంచమని మా శిశు సంక్షేమ శాఖ పైవాళ్లను ఎంత అడిగినా రూల్ లేదన్నారు.

పసిపిల్లల హోమ్‌లో పాపను అప్పగిస్తుంటే లావణ్య ఏడవలేదు. "చెవి పట్టుకుంటెనే పండుకుంటది. ఎడమ చెవి," అని ఆయమ్మకు చెప్పింది. పాప ఏడుపు గేటు దాకా వినబడింది.

రేపు పెద్దనాన్న ఇంట్లో లేనప్పుడు పెద్దమ్మను మళ్లీ కలవాలి. కలిసి ఏమని అడగను...

బండి మీద నా వెనక కూర్చున్నాక లావణ్య అడిగింది. "మేడం, చెల్లెకు ఆరేండ్లు ఎప్పుడు నిండుతయ్? గప్పుడు నా కాడికి తీస్కొస్తరు గదా?"

"తీస్కొస్త బిడ్డా," అనేశాను.

చెల్లెలికి ఇంకా ఏడాదైనా నిండలేదు.