చేత్తో తూచిన ట్రాన్స్‌ఫార్మర్

సోమవారం, ఉదయం

ఈ రోజు నుంచి ఒట్టు! కంట్రోల్ ప్యానెల్‌లో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్‌ను లెక్క కట్టాకే ఎంచుతాను. ఉజ్జాయింపు అన్న మాట నా నోట వస్తే నా డిగ్రీ చిత్తు కాగితం.

ఇంత భీషణ ప్రతిజ్ఞ ఎందుకో భావితరాలకు తెలియాలి. మా వర్క్‌షాపులో ఇప్పటిదాకా నడిచిన పద్ధతి ఇదీ: మా బావ స్టాకు ర్యాక్ ముందు నిలబడతాడు. ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఆడిస్తాడు. "బరువుంది, వేసెయ్" అంటాడు. అయిపోయింది డిజైన్! గుమ్మడికాయ కొనేవాళ్ళు కూడా కనీసం తట్టి చూస్తారు.

వర్క్‌షాపు అక్కది. మాటిచ్చింది: "సబ్బుల ఫ్యాక్టరీ ప్యానెల్ నువ్వే చెయ్యరా. శనివారం ట్రయల్ పాసైతే డిజైన్ టేబుల్ నీది. లేదంటే మళ్ళీ వైర్లకి నంబర్లు తొడుక్కో."

వైరు చివర నంబరున్న బుల్లి గొట్టాలు తొడగడం! ఇంజనీరింగ్ చదివి పూసలు గుచ్చే బతుకు!

మంగళవారం

లెక్క పూర్తి. ఆహా!

కాయిల్స్, దీపాలు అన్నీ కలిపి నిలకడగా తాగేది నూట ఇరవై వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోసే భారానికి కొలత). కానీ మోటారును కలిపే పెద్ద స్విచ్ ఒకటుంది, కాంటాక్టర్. అది మూసుకునే క్షణంలో దాని కాయిల్ ఎన్నో రెట్లు గుంజుతుంది. అప్పుడు కూడా వోల్టేజీ కుంగకూడదు. అసలు పరీక్ష అదే. కేటలాగు చూశాను. కావలసింది రెండు వందల యాభై.

"అంత పెద్దదా?" అన్నాడు బావ.

"నడిచే బస్సుని చూసి కాదు బావా, ఆగిపోయిన బస్సుని తొయ్యడానికి ఎంతమంది కావాలో చూడాలి."

"నేనొక్కణ్ణి చాలు" అని కండ చూపించాడు.

ఈ మేధావితో అక్క ఎలా నెట్టుకొస్తోందో!

బుధవారం

రెండు వందల యాభై స్టాకులో లేదు. డీలర్ శుక్రవారం పంపుతానన్నాడు. ర్యాక్‌లో ఉన్నది నూట యాభై. దాని వంక కన్నెత్తి చూడలేదు. (చూశాను. ఒక్కసారే.)

గురువారం

డీలర్: "శుక్రవారమన్నాను గానీ, ఈ శుక్రవారం అన్నానా సార్?"

అక్కకు చెప్పి ట్రయల్ వాయిదా వేయించొచ్చు. 'సరుకు తెప్పించుకోలేనివాడికి టేబుల్ ఎందుకు' అంటుంది. అనదు, అన్నట్టు చూస్తుంది. అది ఇంకా ఘోరం.

ఇంతలో మహత్తరమైన ఆలోచన! నిలకడ భారం నూట ఇరవై. ర్యాక్‌లోది నూట యాభై. నూట ఇరవై కంటే నూట యాభై ఎక్కువ. ఇది గణితం. దానికి ఎదురు చెప్పడానికి నేనెవర్ని? పెద్ద కాంటాక్టర్ గుంజేది ఒక్క క్షణమే కదా. క్షణమెంత!

శుక్రవారం

నూట యాభైనే బిగించేశాను.

బావ వచ్చి లోపల చిన్న ఫ్యాను కూడా తగిలించమన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరమ్మకు మాటిచ్చేశాడట. తగిలించాను. ఇంతోటి ఫ్యానుకు లెక్కలేమిటి, చాదస్తం కాకపోతే!

"మోస్తుందంటావా?" అన్నాడు బావ.

"మోస్తుంది బావా. చేత్తో ఎత్తి చూశాగా, బరువుంది."

బావ మొదటిసారి నా వంక ప్రేమగా చూశాడు. ఆ చూపు గుర్తొస్తే ముద్ద దిగడం లేదు.

శనివారం

ఫ్యాక్టరీలో ట్రయల్. మేనేజరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. స్టార్ట్ నొక్కాను. దీపాలు వెలిగాయి. బావ చప్పట్లు కొట్టాడు. దీపాలు వెలిగితే ఆయన దృష్టిలో ప్రపంచం నడుస్తున్నట్టే.

అప్పుడొచ్చింది పెద్ద కాంటాక్టర్ వంతు.

టకటకటకటక! చలిజ్వరం వచ్చినవాడి పళ్ళలా కొట్టుకుంది. దీపాలు మసకబారాయి. మోటారు మూలిగింది గానీ తిరగలేదు. బెల్టు మీది సబ్బు ఉన్నచోటే ఉంది.

"ఇది పనిచేస్తోందా, వణుకుతోందా?" అంది మేనేజరమ్మ.

"కొత్తది కదండీ, సిగ్గుపడుతోంది."

ఎవరూ నవ్వలేదు. బావ కూడా!

అక్క కరెంటు ఆపి, ప్యానెల్ తలుపు తీసి, ట్రాన్స్‌ఫార్మర్ మీది అంకె చదివింది.

"నీ లెక్కలో రెండు వందల యాభై కదరా?"

"అవును."

"మరిదేంటి?"

"బరువుగా ఉందక్కా..."

"మీ బావకి లెక్క రాదు, చేత్తో తూస్తాడు. నీకేం రోగంరా?"

మేనేజరమ్మ వారం గడువిచ్చింది. అక్క నంబర్ల సంచీ ఇచ్చింది.

సోమవారం, మళ్ళీ

పొద్దుటి నుంచీ పూసలు గుచ్చుతున్నాను. మధ్యాహ్నం డీలర్ గారి దయవల్ల రెండు వందల యాభై వచ్చింది.

"నువ్వే బిగించు. సబ్బు కదిలితే అప్పుడు టేబుల్ సంగతి చూద్దాం" అంది అక్క.

కాబట్టి కొత్త ఒట్టు! ఈసారి ఫ్యానుతో సహా మళ్ళీ మొత్తం లెక్క కట్టాను. సరిపోతుంది. ఇక వేరే రుజువు అక్కర్లేదు.

అట్టపెట్టె విప్పాను. బావ పక్కనే నిలబడ్డాడు. బయటికి తియ్యాలంటే ఎత్తాలి కదా, ఎత్తాను. అరచేతిలో రెండుసార్లు ఆడించాను. దుమ్ము రాలడానికే.

"ఎలా ఉంది బామ్మర్దీ?"

"లెక్క ప్రకారం సరిపోతుంది బావా."

అక్క అటు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాను:

"బరువు కూడా బాగుంది."