తప్పు నాదెలాగయినాది?

4 ఫిబ్రవరి 2024, ఆదివారం

ఫిలాసఫీలో ఎవరూ చేరడం లేదని కాలేజీవాళ్ళు కోర్సు ఎత్తేశారు. నన్ను అడ్మిషన్ల ఆఫీసులో కూర్చోమన్నారు. కూర్చోను. రిజైన్ చేసి వచ్చేశాను.

ఈరోజు మా ఊరి లైబ్రరీలో మొదటి క్లాసు. నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే, మనం చేసినదానికి బాధ్యత మనదవుతుందా అని అడిగాను. అందరూ ఫ్యాన్ వైపు చూశారు.

11 ఫిబ్రవరి

ఆ నలుగురిలో పెద్దామె అసిరమ్మ వారమంతా ఆ ప్రశ్ననే మోసుకు తిరిగిందట. ఈరోజు నోరు విప్పింది. పెళ్ళయిన ఏడాదికే భర్త పాము కరిచి చనిపోయాడు. అతని తలరాత అన్నారు. అదే నోటితో ఈమె కాలు మంచిది కాదన్నారు. నలభై ఏళ్ళుగా ఏ శుభకార్యంలోనూ ముందుకు రానివ్వలేదు.

"రాసినోడు దేవుడైతే, తప్పు నాదెలాగయినాది పాపా?" అంది.

పదేళ్ళు పాఠం చెప్పాను. ఇంత సూటిగా నేను ఒక్కనాడూ అడగలేదు. బోర్డు మీద ఆమె మాటే రాశాను.

14 ఫిబ్రవరి

లైబ్రరీకి తాళం. కమిటీ పెద్ద నరసింగరావు గారు అసిరమ్మకు సొంత అన్న. వచ్చే బుధవారం ఆయన కూతురు హేమ పెళ్ళి. ఆడవాళ్ళకు ఎదురు మాటలు నేర్పుతున్నానట. నేను నేర్పలేదు, ఆమె దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే అన్నాను. తాళం తీయలేదు.

18 ఫిబ్రవరి

నూర్పులయిపోయి మా కళ్ళం ఖాళీగా ఉంది. అక్కడే క్లాసు పెట్టాను. ఏడుగురు వచ్చారు!

21 ఫిబ్రవరి

పెళ్ళిలో అసిరమ్మ నేరుగా అక్షింతల పళ్ళెం దగ్గరకు నడిచింది. నరసింగరావు గారు అడ్డం నిలబడి, ఎనక్కెల్లి కూకో అన్నారు.

"మీ బావ సావు రాతన్నావు కదన్నా. రాతయితే నానెందుకు ఎనక్కెల్లాల? నా తప్పయితే నానేటి సేసినానో అందరి ముందూ సెప్పు."

ఆయన జనం వైపు చూశారు. పీటల మీంచి హేమ తల వంచి, "అత్తా, ఎయ్యి" అంది.

అసిరమ్మ గుప్పెడు తీసి వేసింది. సగం అక్షింతలు నేలపాలయ్యాయి. మిగతా సగం చాలు.

25 ఫిబ్రవరి

కళ్ళంలో పదకొండు మంది. "నాను సెడ్డదాన్నని నలబయ్యేళ్ళు నాను కూడా నమ్మినాను. అలా నమ్మిన మనిసి నానేనా, ఇంకొకర్తా?" అని అసిరమ్మ అడిగింది.

నాకు తెలియదన్నాను. ఎవరూ లేచి వెళ్ళలేదు.