కెప్టెన్ చోట నీ ఫోటో

మంగంపేట,
గురువారం.

చిరంజీవి తమ్ముడు ఉరుకుందప్పకు అక్క ఈరమ్మ దీవించి రాయడమేమంటే,

ఈరన్న స్వామి దయ వల్ల ఇక్కడ నేను, నీ కూతురు గంగ ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ అమ్మ, మరదలు నాగమ్మ, నువ్వు అలాగే ఉండాలని రోజూ దీపం దగ్గర అడుగుతున్నాను. అమ్మ మోకాలికి ఆముదం వెచ్చబెట్టి రాస్తున్నారా? నాగమ్మ ఒక్కతే ఎన్ని చేస్తుంది. ఒక పూట నువ్వు రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్లో నేను ఒక మాట అనేలోగా నువ్వు పది అంటావు. కాగితం మీద అడ్డు రాలేవు. కుశలం అడిగింది కదా, అక్క చల్లబడిందిలే అనుకోవద్దు. చల్లబడలేదు. మూడు రోజులుగా కోపంతోనే వండుతున్నాను, కోపంతోనే దీపం పెడుతున్నాను. ఇంత వయసొచ్చి దేవుడి ముందు ఇలా నిలబడటం ఇదే మొదటిసారి.

ముందు ఇక్కడి సంగతి చెబుతాను, అమ్మ అడుగుతుంది. వచ్చి ఎనిమిది నెలలైంది. ముగ్గురాయి పొడి కొట్టే మిల్లు క్యాంటీన్లో వంట పని అలవాటైంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఏదో ఒక కూర. ఎండ మన కోసిగి ఎండ లాంటిదే, దాని మీద ఈ బూడిద రంగు దుమ్ము. ఉతికిన చీర ఆరేలోపే మళ్లీ మాసిపోతుంది. మా గదికి తలుపు గట్టిగానే ఉంది, నీళ్లు రోజూ వస్తాయి, భయం లేదని అమ్మకు చెప్పు. జొన్నరొట్టె ఇక్కడ ఎవరూ చేయరు. డబ్బులను దుడ్లు అన్నానంటే కన్నడామె వచ్చిందని నవ్వుతారు. మన మాట మాట్లాడేది గంగ ఒక్కతే. ఆ గంగ ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

ఎందుకో నీకు తెలుసు. అయినా మొదటి నుంచీ రాస్తాను. నువ్వు నాగమ్మకు వేరే విధంగా చెప్పి ఉంటావు. ఇది ఆమెకు చదివి వినిపించు.

పోయిన ఏడు మీరు మిరపకాయలు తెంపడానికి గుంటూరు పోతూ గంగను వెంట తీసుకుపోయారు. దాని చదువు మూడు నెలలు ఆగిపోయింది. అందుకే నేను తెచ్చుకుని ఇక్కడ ఇంటర్‌లో చేర్చాను. ఇక్కడికొచ్చాక కబడ్డీ పట్టుకుంది. కూతకు పోయిందంటే ఒకరినైనా తాకకుండా తిరిగి రాదు. కాలనీ ఆడపిల్లలు ఏడుగురూ కలిసి దాన్నే కెప్టెన్ చేసుకున్నారు. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం ఆడపిల్లలకే పోటీలు. చుట్టుపక్కల ఊళ్ల జట్లు వస్తాయి.

పాంప్లెట్ వేయాలి. మన దగ్గర పాంప్లెట్ అంటే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. పైన వరసగా పెద్దమనుషులు చేతులు జోడించుకుని ఉంటారు. ఎక్కడో కింద ఆట పేరు. ఆడేవాళ్ల ముఖం ఒక్కటీ ఉండదు. గంగ అంది, "అత్తా, ఈసారి మనమే చేసుకుందాం. ఊరికే చేసుకునే సైట్లు ఉండాయి. ఏమీ రానోళ్లకు కూడా వస్తాదంట." ఏమీ రానిదాన్ని నేనున్నాను కదా అని నా ఫోన్ ఇచ్చాను.

రెండు సాయంత్రాలు కూర్చున్నాం. తయారుగా ఉన్న నమూనాలన్నీ తెల్లదొరల ఫుట్‌బాలే. ఒక్క కబడ్డీ లేదు. చివరికి ఖాళీ పేజీ తీసుకున్నాం. నేను తెరను గట్టిగా పొడుస్తుంటే గంగ నవ్వింది. "యేలు అట్ల పొడవద్దత్తా. పిల్లకు బొట్టు పెట్టినట్ల మెల్లగా ఆనించు." నేర్చుకున్నాను. మధ్యలో పెద్ద వలయం, చుట్టూ ఆరు చిన్న వలయాలు. ఒక్కొక్క ఫోటోను వేలితో లాగి వలయం మీద వదిలితే చక్కగా కూర్చుంటుంది. కూర్చున్న దాని మీద ఇంకొకటి వదిలితే పాతది పోయి కొత్తది వస్తుంది. నడుమ గంగ, తొడ కొట్టి నిలబడింది. కింద "కెప్టెన్ గంగ" అని రాసింది నేను, ఈ వేలితో. పాంప్లెట్ మీద ఒక్క పెద్దమనిషి లేడు. ఏడుగురు పిల్లలు, ఆట, రోజు, చోటు, భోజనం ఉందన్న మాట. అంతే.

అది చూసి నాకు గర్వం కలిగింది. ఆ గర్వంతోనే నీకు లింకు పంపాను. చూడటానికి వేరే లింకు, మార్చడానికి వేరే లింకు ఉంటాయట. మార్చే లింకే నీకూ, ప్రెస్సు అతనికీ పంపాను. అచ్చుకు ముందు ఇంకొకసారి చూడలేదు. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను. ఇంకేదీ నా తప్పు కాదు.

సోమవారం మధ్యాహ్నం ప్రెస్సు నుంచి కట్ట వచ్చింది. పిల్లలంతా క్యాంటీన్లోనే ఉన్నారు. తాడు విప్పింది గంగే. నడుమ పెద్ద వలయంలో నువ్వున్నావు. తెల్ల చొక్కా, మెలేసిన మీసం, జోడించిన చేతులు. చుట్టూ నిక్కర్లలో ఆరుగురు ఆడపిల్లలు. నీ గడ్డం కింద "కెప్టెన్ గంగ." ఫోటో మార్చడం తెలిసింది గాని అక్షరాలు మార్చడం నీకు చేతకాలేదు.

అప్పటికే ప్రెస్సు అతను పక్క ఊళ్లో కొన్ని పంచేశాడు. సాయంత్రం ఆ ఊరి జట్టు పిల్లలు మైదానం గట్టు మీద నిలబడి అరిచారు. "ఏమ్మే గంగా, మీసాలు ఎప్పుడు పెంచితివి?" "మీ కెప్టెన్ కూతకొస్తే దండం పెట్టి పోతాడేమో!" మన జట్టులో ఇద్దరు కూడా నవ్వారు. గంగ నవ్వలేదు, ఏడవలేదు. బూట్లు విప్పి చేతిలో పట్టుకుని గదికి నడిచి పోయింది.

అప్పుడే కదా నీకు ఫోన్ చేశాను. నువ్వన్న మాటలు మరిచిపోయి ఉంటావు, నేను మరిచిపోలేదు.

"ఏమప్పా, బిడ్డ ఫోటో ఎందుకు తీసేస్తివి?" అన్నాను.

"యక్కా, నిక్కరేసుకోని తొడ కొడతాండాది. ఊరి గ్రూపులో పెడితే నలుగురూ ఏమనుకుంటారు?"

"అయితే పెట్టకుండా ఊరకుండాల్సింది."

"అట్లెట్ల? నా బిడ్డ కెప్టెన్ అయ్యింటే చెప్పుకోవద్దా? అయినా పెద్దోళ్ల ఫోటో ఒక్కటీ లేకుండా పాంప్లెట్ యాడన్నా ఉంటాదా? నా దాంట్లో మారిస్తే మీ దాంట్లో మారతాదని నాకేం తెలుసు! ఈడ అందరూ నాకు శుభాకాంక్షలు చెప్పినారు, శానా బాగుండాది అన్నారు."

ఉరుకుందప్పా, ఆ చివరి మాట ఇంకోసారి నువ్వే చదువుకో. కూత పెట్టి మోకాళ్లు చెక్కుకుపోయింది దానికి. శుభాకాంక్షలు నీకు. బిడ్డ గెలుపు కావాలి, బిడ్డ ముఖం మాత్రం వద్దు. మిరపచేలో అది ఎండకు నల్లబడి పని చేసినప్పుడు నలుగురూ ఏమనుకుంటారో నీకు గుర్తు రాలేదు. నిక్కరు చూస్తే గుర్తొచ్చిందా?

గదికి పోయేసరికి గంగ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్నే అడిగింది. "నాయన ఫోటో కూడా పెడదామని చూసి, నా దాని మీద వదిలేసినావా అత్తా?"

అది అలా అనుకుంది. తండ్రి తీసేశాడని దానికి తోచనే లేదు. నేను అవును అన్నాను.

ఆ ఒక్క మాట అబద్ధం. ఎందుకు ఆడాను? నీ పరువు కోసం కాదు. తండ్రికి తనను చూస్తే సిగ్గని తెలిస్తే అది ఇంక మైదానంలోకి దిగదు. నా బిడ్డలాంటిది, నాకు తెలుసు. "అడిగింటే నేను పెట్టిస్తుంటి కదత్తా. పెద్దదానివి, ఇట్ల చేస్తావా?" అని అటు తిరిగి పడుకుంది. అప్పటి నుంచి నాకు ఎదురు చెప్పదు, పలకరించదు. పెట్టింది తింటుంది, గిన్నె కడుగుతుంది, ఆటకు పోతుంది. నీ దోషం నేను మోస్తున్నాను.

మంగళవారం జిరాక్సు షాపులో గంగ ముఖం నడుమ వలయానికి సరిపడా గుండ్రంగా తీయించాను. మైదా ఉడికించి జిగురు చేసి, క్యాంటీన్ బల్ల మీద పాంప్లెట్లు పరిచి, మిగతా పిల్లలతో కలిసి ఒక్కొక్కటే అతికించాను. నీ మీసాల మీద రెండు వందలసార్లు మైదా పూశాను. రాస్తుంటే కొంచెం నవ్వు వస్తోంది గాని కోపం పోలేదు. అతికించేవాళ్లలో గంగ లేదు. పిలిచాను, రాలేదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. పోటీ పొద్దున ఆట మొదలయ్యే ముందు నేను దానికి నిజం చెబుతాను. నా అబద్ధాన్ని దేవుడి ముందు పెట్టి అంతకన్నా ఎక్కువ రోజులు నిలబడలేను. నా నోటి నుంచి వింటే అది ఆడుతుందో, బూట్లు విప్పేస్తుందో తెలియదు. అందుకే అంతకుముందే నువ్వు చెప్పు. నేనే తీసేసినా బిడ్డా, తప్పు చేసినా అని చెప్పు. ఫోన్లో కాదు, వచ్చి చెప్పు. పోటీకి ముందు రోజు, శనివారం పొద్దున బయలుదేరితే చీకటి పడేలోగా చేరుతావు. పనులున్నాయని అనవద్దు. బిడ్డ ముఖం తీయడానికి తీరిక దొరికింది కదా.

రాకపోతే నా మీద పగ పెట్టుకో, పర్వాలేదు. గంగను మాత్రం ఈ సంవత్సరం మిరపచేలకు పంపను. అడగవద్దు.

వచ్చేటప్పుడు జొన్నపిండి రెండు సేర్లు, నాగమ్మ దంచిన వేరుశనగ పొడి తీసుకురా. అమ్మ పాదాలకు నా దండాలు చెప్పు. మేమిద్దరం బాగున్నామని చెప్పు, ఒంటికి ఏ లోటూ లేదని చెప్పు, దిగులు పడవద్దని చెప్పు. మన పోట్లాట చెప్పి ఆమెను ఏడిపించవద్దు. నాగమ్మకు ఆశీస్సులు. ఆమెకు వీలైతే ఆమె కూడా రావచ్చు. వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు.

ఈరన్న స్వామి నిన్ను చల్లగా చూడాలి, నీకు మంచి బుద్ధినివ్వాలి. కోపంలోనూ నీ మేలే కోరుతూ,

నీ అక్క
ఈరమ్మ

మైదానంలో ఆడే పిల్లల తల్లిదండ్రులకు ముందు వరసలో కుర్చీలు వేస్తున్నారు. ఎవరెవరు వస్తారని గంగను అడిగితే నీ పేరు ఇచ్చిందట. నాతో చెప్పలేదు, కుర్చీలు వేసేవాళ్లు చెప్పారు.